చాంబరు నల్లా

పానా మళ్ళీ జారింది. జంగప్ప పిడికిలి వెళ్ళి లారీ అడుగునున్న ఇనుప పట్టీకి కొట్టుకుంది. వెల్లకిల పడుకున్నవాడు పడుకున్నట్టే ఒక బూతుమాట అని, వేళ్ళు నోట్లో పెట్టుకోబోయి, వాటికున్న నల్లటి జిడ్డు చూసి మానుకున్నాడు.

ఇంజను వేడిగా ఉన్నప్పుడే పాత ఆయిలు దింపాలి. చల్లారితే మడ్డి అంతా అడుగున ఉండిపోతుంది. ఆ సంగతి తెలిసే అతను ఆదివారం పొద్దున లారీని తాండూరు చుట్టూ ఒక తిప్పు తిప్పి షెడ్డులో నిలబెట్టాడు. ఇంజను కింద ఆయిలు నిలిచే చాంబరుకి ఒక నట్టు ఉంటుంది. దాన్ని విప్పితేనే ఆయిలు దిగుతుంది. మిలిటరీ వాళ్ళ వేలంలో కొన్నప్పటినుంచి విప్పి, బిగించి, విప్పి, ఆ నట్టు మూలలు అరిగిపోయి గుండ్రంగా తయారైంది.

మరోసారి పానా పట్టించి, రెండు చేతులతో లాగాడు. నట్టు ఒక్కసారిగా వదిలేసింది. సలసలమనే ఆయిలు మణికట్టు మీద పడి మోచేతిదాకా పారింది. జంగప్ప దొర్లుకుంటూ బయటికొచ్చి పడ్డాడు. డబ్బా ఒక పక్క, ధార ఒక పక్క. సగం ఆయిలు నేల తాగేసింది.

"అయ్యో, చెయ్యి!" అంటూ భాగమ్మ ముందుకొచ్చింది. అప్పుడే ప్రార్థన ముగించుకుని చర్చి నుంచి వచ్చింది. మీద ఉతికిన చీర ఉంది. అయినా కొంగు దోపి, వంగి, కాలితో డబ్బాను ధార కిందికి నెట్టింది. ఆ తర్వాతే అతని చెయ్యి పట్టుకుని చూసింది.

లారీల నుంచి దింపిన పాత ఆయిలే ఆమె బతుకు. ఇంటికి తీసుకుపోయి, తేర్చి, గడ్డిమసి కలిపి, ఎడ్లబండ్ల ఇరుసులకు కందెన చేసి అమ్ముకునేది. పెద్దేముల్ వైపు బండ్లవాళ్ళంతా ఆమె దగ్గరే కొనేవాళ్ళు. భర్త ఉన్నప్పుడు ఇద్దరూ చేసిన పని, ఇప్పుడు ఒక్కతే చేస్తోంది.

ఫిట్టరు హన్మయ్య ఆ మధ్యాహ్నం ఒక ఇత్తడి నల్లా తెచ్చాడు. పప్పుమిల్లులో పాడైన ఆయిలింజనుకు ఉండేదట. చాంబరుకి నట్టు ఉన్నచోట కొత్తగా మరలు కోసి, జనుము చుట్టి, నల్లా బిగించాడు. దానికి బొటనవేలంత పిడి. పావు చుట్టు తిప్పితే తెరుచుకుంటుంది, వెనక్కి తిప్పితే మూసుకుంటుంది.

"ఇగ పానా లేదు, చెయ్యి కాల్చుకునుడు లేదు," అన్నాడు హన్మయ్య.

జంగప్ప కింద పడుకుని చూశాడు. మూసినప్పుడు పిడి కిందికి వేలాడుతోంది. "గిట్ల కాదు హన్మయ్యా. బండల గనుల తొవ్వ నీకెర్క లేదు. రాయి తగిలితే పిడి ఇరుగుతది. మీదికి పెట్టు."

"కిందికుంటేనే మంచిగుంటదేమో అన్నా."

"బండి నేను తోల్తనా, నువ్వు తోల్తవా?"

 హన్మయ్య నల్లా లోపల తిరిగే కొయ్యను బయటికి తీసి, అటుది ఇటు చేసి పెట్టాడు. ఇప్పుడు మూస్తే పిడి నిటారుగా పైకి నిలబడింది. భాగమ్మ డబ్బా పెట్టి, నల్లా తిప్పి, అడుగున మిగిలినది కూడా దింపుకుంది. చుక్క కింద పడలేదు. ఆమె ముఖంలో వెలుగు చూసి జంగప్ప నవ్వాడు. డబ్బా నెత్తికెత్తుకుంటూ, "ఇగ భూమికి పెట్టే పని లేదు జంగన్నా," అంది.

లారీలకూ పప్పుమిల్లుకూ యజమాని అయిన పాండురంగం సేటు సాయంత్రం వచ్చి నల్లా చూశాడు. తనే ఒకసారి తిప్పాడు, మళ్ళీ మూశాడు. చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ, "మంచిగనే ఉన్నది," అన్నాడు. "ఎవరన్నా తిప్పొచ్చన్న మాట."

ఆ మాట జంగప్పకు అప్పుడు పెద్దగా పట్టలేదు.

గురువారం పొద్దున, గని నుంచి తెచ్చి షెడ్డులో నిలబెట్టిన లారీ నిండా నాపరాయి బండలు. వికారాబాదులో కడుతున్న ఒక సత్రానికి చేరవేయాలి. జంగప్ప ముందు నిలబడి హాండిలు గుచ్చి తిప్పాడు. రెండు తిప్పులకు ఇంజను అందుకుంది. ఎక్కి కూర్చుని పక్క అద్దంలో చూస్తే, లారీ పక్కన వంగి ఉన్న భాగమ్మ లేస్తూ కనిపించింది. చేతిలో చిన్న డబ్బా. ఏదో అంటోంది. ఇంజను మోతలో వినబడలేదు.

"ఇయ్యాల లేదు, పో!" అని అరిచాడు. "ఆదివారమే కదా తీస్కపోయినవ్!"

ఆమె చెయ్యి ఊపుతూ ఇంకా ఏదో అంటూనే ఉంది. అతను గేరు వేశాడు.

ధారూరు దాటి అనంతగిరి ఎక్కుతుండగా ఇంజను గొంతు మారింది. లోపల ఎవరో సుత్తెతో కొడుతున్నట్టు టక్ టక్ మంటోంది. ఆయిలు ముల్లు చూశాడు. సున్నా మీద పడి ఉంది.  ఇంజను ఆపి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టించి, కిందికి దూరాడు. నల్లా పిడి అడ్డంగా పడి ఉంది. మొత్తం తెరిచి ఉంది. చాంబరులో ఏమీ మిగల్లేదు. వచ్చిన దారివైపు చూస్తే, దుమ్ములో సన్నని నల్లటి గీత వంపు తిరిగి కనబడకుండా పోతోంది.

బండల మీద కూర్చుని వచ్చిన ఇద్దరు హమాలీలూ దిగి ఆ గీతనూ, అతన్నీ మార్చి మార్చి చూశారు. వాళ్ళలో ఒకడు, "నల్లా ఎవరు ఇప్పిండ్రు?" అన్నాడు. విరిగిందా, ఊడిందా అని అడగలేదు. ఎవరు విప్పారు అని అడిగాడు. 

ఇంకో లారీ తాడు కట్టి లాక్కొచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. షెడ్డులో పాండురంగం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. హమాలీలు, హన్మయ్య, పక్క షెడ్డువాళ్ళు నిలబడ్డారు.  సేటు లేచి లారీ చుట్టూ తిరిగాడు. డ్రైవరు సీటు ఎత్తి కింద చూశాడు. అక్కడున్న ఖాళీ సీసా తీసి మూతి దగ్గర వాసన చూశాడు.

"మంచినీళ్ళది సేటు," అన్నాడు జంగప్ప.

"నేనేమన్న అన్ననా?" సీసా మెల్లగా కింద పెట్టాడు. "కొత్త ఆయిలు పోసి వారం కాలే. తొవ్వల ఏడేడ ఆపినవ్?"

"ధారూరుల చాయ తాగిన."

"ఎంతసేపు?"

"చాయ తాగేంత సేపు."

"ఎవరు కలిసిండ్రు?"

 పదమూడేళ్ళుగా జంగప్ప తోలేది ఇదే లారీ. ఈ మనిషి ఇలాంటి గొంతుతో అతనితో ఎప్పుడూ మాట్లాడలేదు. హమాలీలు నేలచూపులు చూస్తున్నారు. హన్మయ్య గుడ్డతో పానా తుడిచిందే తుడుస్తున్నాడు. వీళ్ళంతా ముందే ఏదో అనేసుకున్నారని అతనికి తోచింది.

"బండి ఎల్లేటప్పుడు భాగమ్మ ఆడ ఉండె," అన్నాడు. "నల్లా కాడ వంగి ఉండె. చేతుల డబ్బ ఉండె."

అంతే అన్నాడు. ఆమె దొంగ అనలేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళ ఊపిరి ఒక్కసారిగా వదులైంది.

భాగమ్మను పిలిపించారు. ఆమె మాట్లాడబోయింది. "నేను జంగన్నకు చెప్పిన, కింద..." అంటుండగానే, "నువ్వు ఆడ వంగినవా లేదా? అది చెప్పు," అన్నాడు సేటు.

"వంగిన. కాని..."

"అయిపాయె."

గోడవారనున్న ఆమె ఖాళీ డబ్బాలను ఒకడు కాలితో తన్నాడు. అవి దొర్లుతూ రోడ్డు మీదికి పోయాయి. ఆమె ఒక్కొక్కటే ఏరుకుంది. వంగిన ఒక డబ్బా అంచును అక్కడే కూర్చుని రాయితో సరిచేసుకుంది. జంగప్ప వైపు ఒక్కసారి చూసింది. అతను టైరులో గాలి చూస్తున్నట్టు వంగాడు.

ఇంట్లో అతని భార్య శాంతవ్వ సజ్జరొట్టె కాలుస్తూ అడిగింది. "ఆమె నల్లా తిప్పంగ నువ్వు నీ కండ్లతోని చూసినవా?"

"ఆడ ఉండె అంటున్న."

"ఆడ ఉండుడు వేరే, తిప్పుడు వేరే. నువ్వు చూసినవా, అనుకున్నవా?"

"సేటు నన్ను పట్టుకుంటుండె. నా పాణం మీదికొచ్చె."

శాంతవ్వ రొట్టె తిప్పింది.  రొట్టె అతని పళ్ళెంలో వేస్తూ, "నీ మీదికొస్తె ఆమె మీద పెట్టినవ్," అంది.

హన్మయ్య బేరింగులు మార్చి, ఇంజను కుదురు చేసి, నల్లా పిడిని బైండింగు తీగతో చాంబరుకు గట్టిగా కట్టాడు. ఆ తీగ దొంగచేతికి అడ్డమని జంగప్ప అనుకున్నాడు. మంచిపనే అనుకున్నాడు. అయినా మనసు కుదుటపడలేదు. బండి ఆపిన ప్రతిచోటా దిగి, గేజీ కడ్డీ బయటికి లాగి, తుడిచి, మళ్ళీ ముంచి, ఆయిలు ఎక్కడిదాకా ఉందో చూస్తున్నాడు. చాయ తాగుతూ లారీ వైపే చూస్తున్నాడు. పక్కన ఎవరన్నా ఒంటికి కూర్చుంటే, "ఏయ్, ఏం జేస్తున్నవ్ ఆడ?" అని అరుస్తున్నాడు. హమాలీలు అతనితో ముచ్చట మానేశారు. వాళ్ళు గుసగుసలాడితే తన గురించే అనుకున్నాడు. హన్మయ్య తన కళ్ళలోకి చూడటం లేదని కూడా గమనించాడు. ఈ హన్మయ్యే నల్లా పెట్టింది. నల్లా ఎట్లా తిప్పాలో అందరికన్నా బాగా తెలిసినవాడు. ఆ ఆలోచన వచ్చాక, హన్మయ్య ఇచ్చిన బీడీ కూడా అతను తీసుకోలేదు.

షెడ్డులో ఇంకో మార్పు వచ్చింది. మిగతా రెండు లారీల పాత ఆయిలు ఇప్పుడు సేటు మనుషులే పీపాలో నింపుతున్నారు. ఆయన పప్పుమిల్లు ఎడ్లబండ్లకు కందెన అక్కడే తయారవుతోంది. అంతకుముందు ఆ బండ్లకూ కందెన భాగమ్మే ఇచ్చేది.

మరుసటి గురువారం హమాలీలు రాలేదు. ఒకడి ఇంట్లో చావు అయిందట, ఇద్దరూ అక్కడికే పోయారు. గనివాళ్ళే బండలు ఎక్కించారు. ఎక్కించినంతసేపూ జంగప్ప లారీ పక్కనుంచి కదల్లేదు. నీళ్ళు తాగడానికి కూడా పోలేదు. బయలుదేరే ముందు కింద దూరి చూశాడు. పిడి నిటారుగా ఉంది, తీగ ఉంది. గని నుంచి బయటికి వచ్చే దారంతా రాళ్ళూ గుంతలూ. స్టీరింగు చేతుల్లో ఎగిరెగిరి పడింది. పెద్దరోడ్డు ఎక్కాక ఒక్క పర్లాంగు కూడా పోకుండానే ఆపి, దిగి, కిందికి దూరాడు.

తీగ తెగి వేలాడుతోంది. ఎవరూ కోసింది కాదు. రాసుకుని రాసుకుని అరిగి తెగింది. పిడి సగం వంగింది. నల్లా మూతి నుంచి ఆయిలు చుక్క చుక్కగా పడుతోంది.

అతను పిడిని పైకి తిప్పి మూశాడు. బయటికి వచ్చి, లారీ పట్టీ పట్టుకుని బలంకొద్దీ ఊపాడు. మళ్ళీ దూరి చూశాడు. ఏమీ కాలేదు. ఇంజను స్టార్ట్ చేసి, ఆ రాళ్ళదారిలోకే కొంతదూరం వెనక్కి తోలి, ఆపి చూశాడు. పిడి వాలింది. తన బరువుకే, కుదుపు కుదుపుకూ కొంచెం కొంచెంగా కిందికి వాలుతోంది. కిందికి వాలితే నల్లా తెరుచుకుంటుంది. అదే మొదటే కిందికి వేలాడుతూ మూసుకుని ఉంటే, ఎంత కుదిపినా అట్లాగే ఉండేది.

మీదికి పెట్టు అన్నది తనే.

జంగప్ప లారీ కింద అలాగే పడుకుండిపోయాడు. ఒక చుక్క వచ్చి చెవి పక్కన పడింది. లేచాక ముందుగా తోచింది ఒక్కటే: ఎవరూ చూడలేదు. సంచిలోంచి పానా తీశాడు. నల్లా వెనక మర విప్పి, కొయ్య లాగి, కారుతున్న ఆయిలును బొటనవేలితో అదిమి, కొయ్యను తిప్పి పెట్టి బిగించాడు. పిడి కిందికి వేలాడింది. తగ్గినంత ఆయిలు వెంట ఉంచుకున్న డబ్బాలోంచి పోశాడు. చేతులు తుడుచుకున్నాడు. ఇక ఎవరికీ ఏమీ తెలియదు. బండి వికారాబాదు పోయింది, బండలు దించింది, చీకటి పడకముందే తిరిగొచ్చింది. ఆయిలు గీతంత కూడా తగ్గలేదు.

అదే అతనికి నచ్చలేదు. ఏదన్నా ఇంకోటి తప్పయి ఉంటే బాగుండుననిపించింది.

శనివారం సాయంత్రం భాగమ్మ ఇంటికి పోయాడు. పెద్దేముల్ రోడ్డు మీద, ఊరి చివరి ఇల్లు. ముందునుంచి పోకుండా వెనకవైపు నుంచి వెళ్ళాడు. ఆమె కంది కట్టెలు విరుస్తోంది. కందెన కాచే పొయ్యి చల్లగా ఉంది. అందులో కోడి పడుకుంది.

"భాగమ్మా, నల్లా దానంతటదే తెరుసుకున్నది," అన్నాడు. "కుదుపుకు పిడి జారింది. మొన్న నా కండ్లతోని చూసిన."

ఆమె కట్టె విరవడం ఆపలేదు. "నాకెర్కనే."

"ఎట్ల?"

"ఆనాడు గనికెళ్ళి వచ్చి షెడ్డుల నిలవెట్టిన బండి కింద కారుతుండె. నేనే తిప్పి బంద్ జేసిన. నీకు చెప్ప వస్తే, ఇయ్యాల లేదు పో అంటివి." ఇంకో కట్టె తీసుకుంది. "షెడ్డుల గూడ చెప్పవోయిన. ఇన్నరా?"

జంగప్పకు అద్దంలో చెయ్యి ఊపిన మనిషి కళ్ళముందు నిలిచింది.  "తప్పయింది. రేపు ఆయిలు మారుస్త. మెల్లగ ఒక డబ్బ నీకు తెచ్చిస్త. ఎవరికీ తెల్వకుంట..."

భాగమ్మ కట్టె కింద పడేసింది.

"ఎవరికీ తెల్వకుంట తెస్తె అది దొంగసొమ్మే కదా? నన్ను అన్నప్పుడు ఏడ అన్నవ్? షెడ్డుల, పదిమంది ముందట. గిప్పుడు నా ఇంటెనుక నిలవడి నా చెవుల చెప్తున్నవ్. పెద్దేముల్ బండ్లోళ్ళు నా ఇంటి ముందటికెళ్ళి పోతూ ఆపుతలేరు. చర్చిల నా పక్కపొంటి కూసునేది ఇంద్రమ్మ, జరిగి కూసున్నది. ఆడ చెప్పు పో. ఏడ అన్నవో ఆడ చెప్పు."

ఆదివారం షెడ్డు నిండుగా ఉంది. మూడు లారీలకూ ఆయిలు మార్చే రోజు. పీపా సిద్ధంగా ఉంది. హమాలీలు వచ్చారు. పాండురంగం కుర్చీలో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. రోడ్డు అవతల, చింతచెట్టు నీడలో కాకుండా ఎండలోనే, భాగమ్మ డబ్బాతో నిలబడి ఉంది. అతను చెబుతాడో లేదో చూడటానికి వచ్చిందని జంగప్పకు అర్థమైంది.

"సేటు, ఒక మాట," అన్నాడు. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. అందరూ తిరిగారు. "భాగమ్మ నల్లా తిప్పలే. పిడి మీదికి పెట్టుమన్నది నేను. కుదుపుకు అది జారి తెరుసుకున్నది. ఆమె దాన్ని బంద్ జేసింది. తప్పు నాది. ఇంజను నా వల్ల ఖరాబయ్యింది."

 సేటు ఒక పల్లీ ఒలిచి, గింజలు నోట్లో వేసుకుని, పొట్టు ఊదాడు.

"నాకెర్క," అన్నాడు.

జంగప్పకు అర్థం కాలేదు.

"బేరింగులు మార్చిన నాడే హన్మయ్య చెప్పిండు. గందుకే కదా తీగ కట్టిచ్చిన. అయిపోయిన ముచ్చట. బండి కిందికి దూరు, పొద్దెక్కుతుంది."

జంగప్ప హన్మయ్య వైపు చూశాడు. హన్మయ్య తల వంచుకున్నాడు. "నేను చెప్పిన అన్నా," అని గొణిగాడు. "ఊకో అన్నడు. నల్లా బిగిచ్చింది నేనే కదా, నా మీదికొస్తదని ఊకున్న."

"ఎర్కుండి ఆమెను రానిస్తలేవా సేటు?" అన్నాడు జంగప్ప.

"పాత ఆయిలు మన బండ్లకు కావాలె. ఆమెకిచ్చుడు ఎట్లనో ఆగిపాయె, ఆగిపోనీ. దానికింత లొల్లి ఎందుకు?" పాండురంగం గొంతు పెంచలేదు. "దూరు."

వారం రోజులు జంగప్ప అందరినీ అనుమానించాడు. హమాలీలను, హన్మయ్యను, చాయ హోటలువాణ్ణి, రోడ్డు పక్కన ఒంటికి కూర్చున్నవాణ్ణి. ఈ కుర్చీలో కూర్చున్న మనిషిని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. ఆ మనిషి అతన్ని చూస్తున్నాడు, రోజూ చూసినట్టే.

జంగప్ప లారీ కిందికి దూరాడు. కానీ పీపాను కాలితో పక్కకు నెట్టి, రోడ్డు వైపు చూసి, "భాగమ్మా, డబ్బ పట్కరా," అని కేకేశాడు.

ఆమె రోడ్డు దాటి వచ్చింది. సేటు మనిషి ఒకడు అడ్డం వెళ్ళబోయాడు. హమాలీల్లో పెద్దవాడు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. గట్టిగా కాదు, ఊరికే వేశాడు. వాడు ఆగాడు. ఆమె డబ్బా పెట్టింది. జంగప్ప పిడి తిప్పాడు. వేడి ఆయిలు సన్నగా, నల్లగా, ఆవిరి చిమ్ముతూ డబ్బాలో పడింది. నిండేదాకా షెడ్డులో ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అతను బయటికి వచ్చి లేచేసరికి పాండురంగం కుర్చీలోంచి లేచి ఉన్నాడు. "హాండిలు ఆడ పెట్టి పో జంగా," అన్నాడు. "ఇగ రాకు."

సీటు పక్కనుంచి హాండిలు తీసి, గుడ్డతో ఒకసారి తుడిచి, లారీ ముందు నేల మీద పెట్టాడు. హన్మయ్య "అన్నా" అన్నాడు. జంగప్ప వెనక్కి చూడలేదు.

భాగమ్మ అప్పటికే రోడ్డు మీద ముందు పోతోంది. అతను కొంచెం దూరంలో నడిచాడు. ఆమె వెనుదిరగలేదు. ఇంటికి పోయి శాంతవ్వకు ఏం చెప్పాలో అనుకుంటూ, తను తన ఇంటి దారి దాటి వచ్చేశానని కాసేపటికి గానీ గమనించలేదు. ఊరి చివర సమాధులున్న బొందలగడ్డ దగ్గర భాగమ్మ ఆగింది. నెత్తి మీది చుట్టబట్ట జారినట్టుంది, డబ్బా దించుకుని సర్దుకుంది. మళ్ళీ ఎత్తుకోబోతే నిండు డబ్బా లేవలేదు. దారిలో ఇంకెవరూ లేరు.

"జర చెయ్యి పట్టు," అంది, అతని ముఖం చూడకుండా.

ఇద్దరూ చెరో పక్క పట్టి ఎత్తారు. డబ్బా అంచు వేడిగా ఉంది. నెత్తి మీద కుదురుకునేదాకా అతను వదల్లేదు.

"నీ పని పాయెనా?" అని అడిగింది.

"పాయె."

ఆమె అయ్యో అనలేదు. తప్పు క్షమించానని కూడా అనలేదు. నడక మొదలుపెట్టి, నాలుగు అడుగులు వేసి, ఆగింది.

"రేపు అంగడి. పెద్దేముల్ బండ్లు పొద్దుగాల్నే నా ఇంటి ముందటికెళ్ళి పోతయి. ఆళ్ళకు గూడ నువ్వే చెప్పాలె."

"చెప్త."

"అందరికి. ఒక్కొక్క బండి ఆపి."

"ఆపి చెప్త," అన్నాడు జంగప్ప.